కాటుక కళ్ళ కొయ్యబాతు

నేను ఒక కొయ్య బాతును. కూరకు పనికిరాను, గుడ్డు పెట్టను, పిల్లలు లాక్కుంటూ తిరగటానికి కింద చక్రాలైనా లేవు. ప్రస్తుతం ఏలూరులో ఒక పుస్తకాల బీరువా నెత్తి మీద కాపురం ఉంటున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళు నన్ను చేతిలోకి తీసుకుని, మెడ మీద ఈ అతుకేమిటి, ఒంటినిండా ఈ చిల్లులేమిటి, చెద పట్టిందా అని అడుగుతారు. చెద కాదు నాయనా, అవి సీసపు గుళ్ళ దెబ్బలు. తుపాకి దెబ్బ తిని కూడా మసాలా మొహం చూడకుండా మిగిలిన బాతు కొల్లేటి చరిత్రలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు తోచదు.

నేను పుట్టింది కొండపల్లిలో, స్వరాజ్యం వచ్చిన ఆరేడేళ్ళకి. అక్కడి కొండ మీద పొణికి చెట్లుంటాయి. ఆ కర్ర మహా తేలిక. ఉలి ఆనించగానే సాగిలపడుతుంది. నన్ను చెక్కినాయన పేరు వీర్రాజు. దశావతారాలు, ఏనుగు అంబారీలు, పెళ్ళి పల్లకీలు ఆయన చేతికి అలవాటు. కొయ్య గుర్రానికి కూడా చిరునవ్వు పెట్టగల మనిషి. అటువంటి ఆయనకి ఒకరోజు ఏలూరు నుంచి ఒక కవరు వచ్చింది. అందులో పెన్సిలుతో గీసిన బాతు బొమ్మ, దానికి తోడు మూడు పేజీల ఉత్తరం ఉన్నాయి. ముక్కు ఎంత పొడుగుండాలో, తోక ఎంత వంపుండాలో, రెక్క మీద రెక్క ఎలా సర్దుకోవాలో అందులో నిలువునా అడ్డంగా రాసి ఉంది. ఆ బాతు నీళ్ళలో తేలాలన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు.

బాతంటే నీళ్ళలో ఉంటుందని వేరే చెప్పాలా అని రాసినాయన ఉద్దేశం. బొమ్మంటే గూట్లో ఉంటుందని వేరే అడగాలా అని వీర్రాజు ఉద్దేశం. ఇద్దరూ తెలివైనవాళ్ళే. తెలివైనవాళ్ళ మధ్యే ఇలాంటివి జరుగుతాయి.

ఆయన నా ఒంటినీ తలనీ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపి నూరిన మక్కుతో అతికించారు. కొండపల్లి బొమ్మలన్నింటికీ అదే అతుకు. తరవాత రంగులేసే పని ఆయన భార్య మహాలక్ష్మమ్మగారి చేతికి వచ్చింది. పెన్సిలు బొమ్మకి రంగులుండవు కదా. ఆవిడ తన దగ్గరున్న రంగుల్లో మంచివన్నీ నాకే పెట్టారు. రెక్కలకి చిలకాకుపచ్చ, మెడకి కుంకుమ ఎరుపు, ముక్కుకి పసుపు. ఆడపిల్లను బోసిగా పంపుతామా అని కళ్ళకి కాటుక తీర్చారు. అంతా అయ్యాక ఎడంగా పెట్టి చూసుకుని, ఎవరి కళ్ళయినా పడతాయని బుగ్గన దిష్టిచుక్క పెట్టారు. ఎండుగడ్డిలో చుట్టి రైలెక్కించేటప్పుడు ఆవిడ కళ్ళు చెమర్చాయి. నాకూ దిగులుగానే అనిపించింది, కొయ్యనైనా.

ఏలూరులో నన్ను అందుకున్నాయన పేరు పుండరీకాక్షం. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబు నిండా సుద్దముక్కలతో ఉండే మనిషి. గడ్డి విప్పి ఆయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. మురిసిపోతున్నారేమో అనుకున్నాను, ఆయన బెంగపడుతున్నారు.

ఆ బెంగ సంగతి చెప్పాలంటే కొల్లేటి షికారు క్లబ్బు గురించి చెప్పాలి. రిటైర్డ్ డిప్యూటీ కలెక్టరు జగ్గారాయుడుగారు తన పాత గుర్రపుశాలలో పెట్టిన క్లబ్బు అది. పదకొండుమంది సభ్యులు, తొమ్మిది తుపాకులు, గోడ మీద ఒక దుప్పి తల. ఆ దుప్పిని ఎవరు కొట్టారని అడిగితే ఎవరూ చెప్పరు. శీతాకాలంలో ఎక్కడెక్కడి దేశాల నుంచో పరజ పిట్టలు, అంటే అడవి బాతులు, కొల్లేటికి దిగుతాయి. వాటిని కొట్టటం క్లబ్బు పని. ఆ రోజుల్లో దానికి లైసెన్సూ ఉండేది, గౌరవమూ ఉండేది.

మాస్టారిని క్లబ్బులో చేర్చుకున్నది తుపాకి కోసం కాదు. ఉత్తరాలు రాయటానికి, బోర్డు మీద పేర్లు రంగులతో దిద్దటానికి ఒక సెక్రటరీ కావలసి వచ్చి చేర్చుకున్నారు. తుపాకి క్లబ్బుది, దోనె క్లబ్బుది. సొంతానికి ఆయన దగ్గరున్నవి టోపీ, ఉత్సాహం. తామర పూవుల్లాంటి కళ్ళవాడని తల్లిదండ్రులు పేరు పెట్టుకున్నారు గానీ, తుపాకి ఎత్తగానే ఆయన ఆ కళ్ళు రెండూ గట్టిగా మూసుకునేవారు. చప్పుడంటే భయం. ఆయన దెబ్బకి ఇంతవరకు కిందపడింది ఆయన టోపీ ఒక్కటే.

రాయుడుగారు కలెక్టరాఫీసు మనిషి. నియమం లేనిదే ఆయనకి మంచినీళ్ళయినా దిగవు. క్లబ్బుకి ఇరవైనాలుగు నియమాలు రాశారు. అందులో పద్దెనిమిదోది, వరుసగా మూడు సీజన్లు తొలి ఆదివారాన ఒక్క పిట్టనైనా పడగొట్టని సభ్యుడు టోపీ అప్పగించి వెళ్ళిపోవలసిందేనని. మాస్టారికి రెండు సీజన్లు సున్నాలయ్యాయి. ఇది మూడోది.

పోతే పోనీ, ఒక క్లబ్బే కదా అని మీరనుకోవచ్చు. ఆయనకి అది కొల్లేరు. ఏడాదంతా నలభైమంది పిల్లల చేత కూజా బొమ్మలు గీయించే మనిషికి, తెల్లవారుజామున మంచులో దోనె మీద కూర్చుని రెక్కల చప్పుడు వినే ఆ నాలుగైదు ఆదివారాలే పండగ. వాటి కోసం ఆయన మిగతా వారాలు భరించేవారు. టోపీ పోతే దోనె పోతుంది, దోనె పోతే సరస్సు పోతుంది. అందుకే క్లబ్బు అటకెక్కి పాత ఇంగ్లీషు పత్రికలన్నీ తిరగేశారు. కొయ్య బాతును నీళ్ళలో వదిలితే నిజం బాతులు నమ్మి పక్కన వాలతాయనీ, అప్పుడు పసివాడైనా కొట్టగలడనీ ఒకదాంట్లో చదివారు. అలా నేను పుట్టాను. ఒక మనిషి టోపీ నిలబెట్టటానికి పుట్టిన బాతును నేను.

కొల్లేటి షికారుకి ఒక చిక్కుంది. పిట్టలు సరిగ్గా కార్తీకమాసంలో దిగుతాయి. సభ్యుల ఇళ్ళలో కార్తీకమాసం మొత్తం ఉల్లిపాయ కూడా గడప దాటి రాదు. ముప్పై రోజులూ కొల్లేట్లో పిట్టలు నిర్భయంగా తిరుగుతుంటే, వీళ్ళు తుపాకులకి నూనె రాసుకుంటూ సోమవారం ఉపవాసాలుంటారు. పోలిపాడ్యమి నాడు ఆడవాళ్ళు అరటిదొప్పల్లో దీపాలు వదిలి నెల ముగించాక, ఆ తరవాతి ఆదివారం సీజను మొదలు. ఆ నెల రోజుల వ్యవధి పిట్టలకి కూడా తెలుసునని పెద్దిరాజు అనేవాడు. పెద్దిరాజు క్లబ్బు దోనె నడిపే లంక మనిషి.

దసరా ఆయుధపూజతో సన్నాహం మొదలవుతుంది. తొమ్మిది తుపాకుల్నీ వరసగా పీట మీద పడుకోబెట్టి పసుపు రాసి బొట్లు పెడతారు. ఆ కుంకుమ గొట్టాల్లోకి పోయిందని మర్నాటి నుంచి మూడు రోజులు తుడుస్తారు. ఆ తరవాత బట్టలు. పెద్దిరాజు వలలకి రంగు పట్టించే తుమ్మచెక్క కాగులోనే సభ్యుల చొక్కాలూ నిక్కర్లూ ముంచుతాడు. రంగు బాగానే వస్తుంది; కాకపోతే శీతాకాలమంతా క్లబ్బు సభ్యులు ఎక్కడికి వెళ్ళినా చేపల వల వచ్చినట్టే ఉంటుంది. రైసుమిల్లు కోటిలింగంగారు తూటాలు చెమ్మగిల్లాయని డాబా మీద ఎండబోశారు. అదే చాప మీద ఆయన భార్య గుమ్మడికాయ వడియాలు పెట్టుకున్నారు. సాయంత్రం డబ్బాలకెత్తేటప్పుడు ఎవరి సొత్తు ఎవరికి చేరిందో తేల్చటానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాళ్ళింట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళటానికి వంటమనిషి ఒప్పుకోలేదు.

అన్నిటికంటే చూడవలసింది కూతల సాధన. సాయంత్రం అయిదింటికి గుర్రపుశాలలో ప్లీడర్లూ డాక్టర్లూ గొంతుకూర్చుని, ముక్కులు పట్టుకుని పరజల్లా కూసేవారు. రోడ్డు మీద బండివాళ్ళు ఎడ్లనాపి వినేవారు. నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళందరూ అలాగే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒక్కసారి ఆగి, తరవాత నవ్వటం మొదలుపెట్టారు. పెళ్ళిచూపులకి తెచ్చారా మాస్టారూ అని ఒకరు, పిట్టలు వాలతాయో లేదో గానీ పిట్టల పెళ్ళిళ్ళ పేరయ్యలు వాలటం ఖాయమని ఇంకొకరు అన్నారు. ముక్కు పట్టుకుని కూసే మనుషులు నన్ను చూసి నవ్వటం ఏమిటో నాకిప్పటికీ బోధపడదు.

కోటిలింగంగారు మాత్రం నవ్వలేదు. ఆయనకి ప్రెసిడెంటు కుర్చీ మీద నాలుగేళ్ళుగా కన్ను. మాస్టారు ఓట్లన్నీ రాయుడుగారికే వేయించే మనిషి కాబట్టి, మాస్టారు పోతే సగం పని అయినట్టే. పద్దెనిమిదో నియమం సంగతి ఈసారి ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలని ఆయన సభలో అన్నారు. రాయుడుగారు మీసం సవరించుకుని, నేనే అతని దోనెలో కూర్చుని చూస్తాను, సరేనా అన్నారు.

రాయుడుగారి గురించి నాకు అప్పుడే ఒక అనుమానం వచ్చింది. అందరూ నా కాటుక చూసి నవ్వుతుంటే ఆయన ఆ గుర్రపుశాల మసక వెలుతురులో నన్ను చేతిలోకి తీసుకుని, బాగుంది, నాజూగ్గా ఉంది, పరజకి ఈ మాత్రం బూడిదరంగు ఉండాల్సిందే అన్నారు. పేపరు కూడా ఈమధ్య ఎవరో ఒకరి చేత చదివించుకునేవారు. అచ్చు బొత్తిగా పాడైపోయిందని దానికి సాకు. కార్తీక వనభోజనాల్లో ఉసిరి చెట్టు కింద పులిహోర తిన్నాక అందరూ కుండలు పేర్చి గురి సరిచూసుకున్నారు. ఆయన తుపాకి ముట్టలేదు. కుండలు కొట్టటం కుమ్మరితో వైరం తప్ప షికారు కాదన్నారు. అందరూ మెచ్చుకున్నారు. మనుషులు పెద్దవాళ్ళ మాట విన్నంత శ్రద్ధగా పెద్దవాళ్ళను చూడరు.

నా నీటిపరీక్ష మాస్టారింటి పెరట్లో గోలెంలో జరిగింది. ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు కార్తీకమాసంలో వేటన్న మాట ఇంట్లో వినపడకూడదనే మనిషి. అయినా నేను శాకాహారపు బాతును కదా అని దయతలిచారు. తులసికోట దీపం చూడటానికి వచ్చిన ఇరుగమ్మా పొరుగమ్మా కూడా చుట్టూ నిలబడ్డారు. మాస్టారు నన్ను రెండు చేతులతో నీళ్ళ మీద వదిలారు. తేలాను. ఆయన మొహం వెలిగింది. అరగంట గడిచేసరికి మెడలో ఏదో మెత్తబడుతున్నట్టు అనిపించింది. చింతగింజల మక్కు నానితే ఏమవుతుందో వంట తెలిసిన ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ అనలేదు, పాపం అని ఊరుకున్నారు. నా తల మెల్లిగా ఒకపక్కకి ఒరిగి, బుడుంగున నీళ్ళలో పడి, కాటుక కళ్ళతో ఆకాశం చూస్తూ వేరేగా తేలింది.

మాస్టారు నా తల ఒక చేత్తో, ఒళ్ళు ఒక చేత్తో పట్టుకుని పెరటి మెట్ల మీద కూర్చుండిపోయారు. పోలిపాడ్యమి ఇంకా పది రోజులే ఉంది. కొత్త బాతును చెక్కించే వ్యవధి లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగటం చూశాను. కొయ్య బాతు కోసమని ఇరుగమ్మలు అనుకున్నారు. నాకు తెలుసు, కొల్లేటి కోసం.

మర్నాడు నన్ను గుడ్డలో మూటగట్టి లంకకి తీసుకెళ్ళారు. పెద్దిరాజు రెండు ముక్కల్నీ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మాస్టారండీ, ఇది బాతు కాదండి, పెళ్ళికూతురండి. పెళ్ళికూతుర్ని నీళ్ళలో ముంచితే నగలూడిపోవాండీ మరి?"

దోనె చిల్లులు పూడ్చటానికి లంకవాళ్ళు గుగ్గిలం నూనెలో మరిగించి వాడతారు. అతను నా మెడకి అదే పట్టించి, పైన సన్నని నారతో చుట్టి, అడుగున తారులాంటి కీలు పూశాడు. ఒకపక్కకి ఒరగకుండా వలకు కట్టే మట్టిగుండు ఒకటి పొట్టకింద వేలాడదీశాడు. కొండపల్లి వాళ్ళు నన్ను అందంగా చేశారు. నీళ్ళకు పనికొచ్చేలా చేసింది పెద్దిరాజు. పనిలో పనిగా ఒంటికి కాస్త బురద పూస్తానని అతను బతిమాలాడు. ఈ రంగులు చూస్తే పిట్టలు నవ్వుతాయన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఎవరో ఆవిడ అంత ఇష్టంగా దిద్దింది, మన చేతులతో చెరపటం పాపమన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఆయన పక్షమైపోయాను.

ఆదివారం వచ్చింది. తెలతెలవారుతుండగా మూడు దోనెలు మూడు దిక్కులకి బయలుదేరాయి. మా దోనెలో రాయుడుగారు ముందు, మాస్టారు మధ్య, గెడ పట్టుకుని పెద్దిరాజు వెనక. ముప్పై గజాల దూరంలో తుంగ పక్కన నన్ను వదిలారు. మంచు పాలమీగడలా నీళ్ళ మీద పరుచుకుని ఉంది. నిజం చెప్పొద్దూ, బాతుగా అది నా జీవితంలో మొదటి ఉదయం. కాసేపటికి గుంపుగా ఈల వేసుకుంటూ పరజలు దిగాయి. ఒకటి నా పక్కకి ఈదుకుంటూ వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. నవ్వలేదు. మర్యాదగా తల తిప్పుకుని నా పక్కనే నాచు తినసాగింది. క్లబ్బు సభ్యుల కంటే చాలా పెద్దమనిషి అది.

క్లబ్బులో ఒక ఆచారం ఉంది. సీజనుకి బోణీ దెబ్బ ప్రెసిడెంటుది. ఆయన తుపాకి పేలేదాకా మిగతా దోనెల్లో ఎవరూ పేల్చకూడదు, ఏ దోనెలోనూ ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపితే సీజనంతా కీడని నమ్మకం. ఆ బోణీ ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. అంతలో మంచు విడి, ఎండ నా రంగుల మీద పడింది. రాయుడుగారు తుపాకి ఎత్తారు. గొట్టం అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరికి నిలిచింది. అది తిన్నగా నా వైపు నిలిచింది.

మాస్టారు చూశారు. పెద్దిరాజూ చూశాడు. ఇద్దరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఆచారం అడ్డొచ్చి మాట బయటికి రాలేదు. నాకైతే నోరు తెరుచుకునే ఏర్పాటే లేదు.

దెబ్బ పడింది. కొల్లేరంతా లేచినంత పని అయింది. వేల రెక్కలు ఒక్కసారి ఆకాశంలోకి ఎగిరాయి, అటు దోనెల్లో తుపాకులన్నీ మోగాయి. మాస్టారు కూడా అలవాటు చొప్పున కళ్ళు మూసుకుని గాలిలోకి పేల్చారు. పెద్దిరాజు గుగ్గిలం గట్టిదే, నార కూడా గట్టిదే, కానీ జోడుగొట్టాల తుపాకి ముందు ఎంత? నా తల మళ్ళీ వేరైంది. ఒళ్ళు చిల్లులు పడి కీలు పూసిన బొడ్డు పైకి తేలింది.

"పడిందా?" అని అడిగారు రాయుడుగారు. ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. పడిందండి అన్నాడు పెద్దిరాజు. అబద్ధం కాదు. గెడ వేసి నా దగ్గరికి వచ్చి, రెండు ముక్కల్నీ ఏరి, మారుమాట లేకుండా గోనెసంచిలో వేశాడు. మాస్టారి మొహం పాలిపోయింది. ఒడ్డు చేరేదాకా రాయుడుగారు ఆ దెబ్బ గురించే చెబుతూ ఉన్నారు. ఎంత చక్కగా కూర్చుందో, ఎంత కళగా ఉందో అని మురిసిపోయారు. మాస్టారు ఊ కొడుతూనే ఉన్నారు. సంచిలో నేను వింటున్నాను. నన్ను కొట్టిన మనిషి నన్ను అంతగా మెచ్చుకుంటుంటే కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియలేదు.

లంక గట్టు మీద తాటాకు చాప పరిచి, వచ్చిన పిట్టల్ని వరసగా పెడతారు. అందరికంటే ముందు బోణీ పిట్ట ఉండాలి. కోటిలింగంగారు చేతులు కట్టుకుని నిలబడి ప్రెసిడెంటుగారి పిట్ట ఏదీ అన్నారు. పెద్దిరాజు సంచి మీద చెయ్యి వేసి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు సంచి తీసుకుని, తనే విప్పి, నన్ను చాప మీద పెట్టారు. ఒళ్ళు ఒకచోట, తల ఒకచోట.

"రాయుడుగారి పిట్ట నాచులో పడి దొరకలేదండి. ఇది నేను కొట్టింది."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత నవ్వారు చూడండి, గట్టు మీద కొంగలు లేచిపోయాయి. తన బాతును తనే కొట్టుకున్నాడని ఒకరు, మూడేళ్ళకి ఒక్కటి తగిలిందయ్యా అదీ కొయ్యదని ఇంకొకరు, చాప మీద పడి దొర్లారు. మాస్టారు కూడా నవ్వబోయారు గానీ సగంలో ఆగిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆయన టోపీ నిలబెట్టటానికి పుట్టినదాన్ని, ఆయన టోపీకే ముప్పు తెచ్చాను.

నవ్వులు సద్దుమణిగాక కోటిలింగంగారు పద్దెనిమిదో నియమం చదివారు. మాస్టారు టోపీ తీసి, అంచు మీది దుమ్ము దులిపి, నా పక్కన చాప మీద పెట్టారు. అటు కొల్లేటి వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు.

రాయుడుగారు ముందుకి జరిగారు. చెయ్యి చాపి ఆ బాతును ఇలా ఇవ్వమన్నారు. ఎవరో నన్ను ఆయన చేతిలో పెట్టారు. ఆయన నన్ను చూడలేదు, తడిమారు. వేళ్ళు నా రెక్కల మీద నడిచాయి, చిల్లులు లెక్కపెట్టాయి, నార ముడి దగ్గర ఆగాయి. తల ఏదని అడిగి అదీ తీసుకున్నారు. రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డిప్యూటీ కలెక్టరుగా ఆయన చాలా తీర్పులు చెప్పి ఉంటారు. తన మీద తాను చెప్పుకోవటం అదే మొదలనుకుంటాను.

"కోటిలింగం, మాస్టరు తుపాకిలోవి సన్నగుళ్ళు. ఈ చిల్లులు నా లావుగుళ్ళవి. ఈ బాతును కొట్టింది నేను."

మాస్టారు ఏదో అడ్డు చెప్పబోతే రాయుడుగారు చెయ్యెత్తి ఆపారు.

"రెండేళ్ళుగా నాకు పిట్ట కనపడటం లేదు. కూత విని కొడుతున్నాను. ఇవాళ ఎర్రగా, పచ్చగా, ఎదురుగా కనపడింది. ఎన్నాళ్ళకి ఒక పిట్టను చూశానురా అని ప్రాణం లేచొచ్చింది. అందుకే కొట్టాను. అది కొయ్యది."

అలా అని ఆయన చిన్నగా నవ్వారు. ఆ నవ్వులో ఎవరూ కలవలేకపోయారు. కోటిలింగంగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కొండపల్లిలో ఒక ఇల్లాలు ఏరికోరి వేసిన రంగులు అందరికీ నవ్వులాట అయ్యాయి. ఈ భూమ్మీద ఆ రంగులు అవసరమైన మనిషి ఒక్కరున్నారు, ఆయన చేతిలోనే నా మెడ తెగింది. నాకు ఆయన మీద ఒక్క పిసరు కోపం లేదు.

కనపడని మనిషి తుపాకి పట్టకూడదన్న నియమం తాను రాయటం మరిచానని, దాన్ని ఇరవై అయిదోదిగా రాసుకోమని రాయుడుగారు అన్నారు. ఆ నియమం కింద ప్రెసిడెంటు కుర్చీ అప్పటికప్పుడే దిగిపోయారు. కోటిలింగంగారు నాలుగేళ్ళుగా కోరుకున్నది నాలుగు నిమిషాల్లో దక్కింది. పాపం, దాన్ని ఎలా పుచ్చుకోవాలో ఆయనకి తెలియలేదు. ప్రెసిడెంటుగా ఆయన మొదటి పని వంగి చాప మీది టోపీ తీసి మాస్టారి నెత్తిన పెట్టటం. వెనకది ముందుకి తిరిగింది, అయినా మాస్టారు సర్దుకోలేదు. పద్దెనిమిదో నియమం సంగతి ఏమిటని ఎవరో అడిగారు. శిక్ష తప్పదన్నారు రాయుడుగారు. వచ్చే సీజను నుంచి మాస్టరు నా దోనెలో కూర్చోవాలి, ఏ పిట్ట వచ్చిందో, ఎక్కడ వాలిందో నాకు చెప్పాలి, అదే శిక్ష అన్నారు.

నన్ను మళ్ళీ పెద్దిరాజే అతికించాడు. ఈసారి రాగి తీగ చుట్టాడు. మెడ కొంచెం వంకరగా కుదిరింది, ఎవరినో పలకరిస్తున్నట్టు. పక్క ఏడాది పోలిపాడ్యమి దాటిన ఆదివారం మళ్ళీ అదే తుంగ పక్కన నన్ను వదిలారు. అవతల కోటిలింగంగారి బోణీ అయిపోయింది. తగల్లేదు, అది వేరే కథ. చెదిరిన పిట్టలు ఒకటొకటిగా మళ్ళీ వాలాయి. తుపాకి మాస్టారి ఒళ్ళోనే ఉంది.

ఎనిమిది పరజలండి, మన బాతుకి కుడిపక్కన ఉన్నాయని మాస్టారు గుసగుసగా చెప్పారు. రాయుడుగారు తల ఒకపక్కకి వంచి విన్నారు. తొమ్మిదయ్యా, నీ బాతు వెనక ఒకటి రెక్క దులుపుకుంటోంది, వినపడటం లేదా అన్నారు. నిజంగానే నా వెనక ఒకటుంది. మాస్టారు మెడ చాపి చూసి, తొమ్మిదేనండి అని ఒప్పుకున్నారు.

"కొడతావా మాస్టరూ?"

"కాసేపాగి కొడతానండి."

ఆ కాసేపు ఎనిమిది సీజన్లు సాగింది.